“అక్కడ నీకెవులున్నారు?”

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర ఒక పల్లె. బీఎస్సీ నర్సింగ్ చదివి నాలుగేళ్ళుగా ఒక ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో పని చేస్తున్నాను. చిన్నప్పుడు మా బడి గోడకు ఒక క్యాలెండరు ఉండేది. అందులో మంచు కప్పిన జర్మనీ ఊరి బొమ్మ చూసినప్పటి నుండి ఆ దేశానికి వెళ్ళాలన్నది నా కల. అక్కడ నర్సుల అవసరం ఉందని ఇప్పుడు అందరూ అంటున్నారు. కాని మా చుట్టాల్లో విదేశం వెళ్ళినవారే లేరు, జర్మనీలో తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. “అక్కడ నీకెవులున్నారు? జొరమొస్తే గంజి ఎవులు కాసి పోస్తారు?” అని మా మేనత్త అడిగితే జవాబు చెప్పలేకపోయాను. విశాఖపట్నంలో ఒక ఏజెంటు 4 లక్షలు కడితే అన్నీ తానే చూసుకుంటానంటున్నాడు. తిత్లీ తుపానులో కొబ్బరితోట పోయిన మా నాన్న, మిగిలిన జీడితోట మీద అప్పు తెస్తానంటున్నారు. తమ్ముడు హైదరాబాదులో ఉన్నాడు. పెళ్ళి చేసుకుని వెళ్ళమని కొందరు, అసలు వెళ్ళవద్దని కొందరు అంటున్నారు. నన్నేం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటె ముఖ్యమైన మాట మీ మేనత్తగారిది. దానిని మీరు ప్రయాణానికి అడ్డుపుల్లగా తీసుకున్నట్టున్నారు. నాకు మాత్రం అది పరాయి దేశం వెళ్ళబోయే పిల్లను ఇంటి పెద్దలు తప్పకుండా అడగవలసిన ప్రశ్నగా కనిపించింది. అందుచేత దానికి జవాబు వెతకడంతోనే మొదలుపెడతాను. ఏజెంటు సంగతి, అప్పు సంగతి, పెళ్ళి సంగతి ఆ జవాబులోనే వస్తాయి.

మన తెలుగువాళ్ళ వలసలు చాలావరకు చుట్టరికం దారినే నడిచాయి. అమెరికా వెళ్ళే కుర్రవాడికి డల్లాసులో బాబాయి కొడుకో, న్యూజెర్సీలో అక్క ఆడపడుచో ఉంటారు. మన తీరం నుండి గుజరాత్ రేవులకు వేటకు వెళ్ళే మత్స్యకారులు కూడా ఊరివాళ్ళతో జట్టు కట్టే వెళతారు. అంతకు ముందు తాతల కాలంలో ఇదే తీరం నుండి వేలమంది ఓడలెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళారు. విజయనగరం పక్కన మా నాయనమ్మ ఇంట్లో రంగం నుండి వచ్చిన టేకు పెట్టె ఒకటి ఉండేది. దాని మూత తీసినప్పుడల్లా ఆమె తన అన్నగారి సంగతి చెప్పేది. ఆయనను తీసుకువెళ్ళింది కూలీలను కుదిర్చి పంపే మేస్త్రీ. ఓడ ఖర్చుకు బయానా ఇచ్చి, రేవులో పని చూపించి, పడుకోవడానికి చోటు చూపించి, ఆ మూడింటికీ కలిపి ప్రతి వారం కూలిలో కోసుకునేవాడట. చుట్టం లేని చోట చుట్టం చేయవలసిన పనులన్నీ మేస్త్రీయే చేశాడు, వెల కట్టి చేశాడు. 1930లో రంగం రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాను సైన్యం వస్తున్నదని తెలిసి లక్షలమంది భారతీయులు బర్మా విడిచి బయలుదేరారు, వారిలో ఎందరో కొండలూ అడవులూ కాలినడకన దాటారు. నాయనమ్మ అన్నగారు అలాగే తిరిగివచ్చారు. ఆ కష్టకాలంలో మేస్త్రీ జాడ లేదని ఆమె చెప్పిన మాట నేను మరవలేదు. “అన్నీ నేనే చూసుకుంటాను” అన్న ఏజెంటు మాట మీ ఉత్తరంలో చదవగానే నాకు ఆ మేస్త్రీయే గుర్తుకు వచ్చాడు.

చుట్టం అంటే ప్రేమ అనుకుంటాం, అది నిజమే. కాని పరాయి దేశంలో దిగిన మొదటి ఆరు నెలల్లో చుట్టం వల్ల జరిగేవి ఎక్కువగా పనులు: బయలుదేరక ముందే ఆ ఉద్యోగం ఎలాంటిదో దాపరికం లేకుండా చెప్పడం, దిగిన రోజు నుండి పదిహేను రోజులు ఇంట్లో ఉంచుకోవడం, కాగితాల మీద రాసుకోవడానికి ఒక చిరునామా ఇవ్వడం, ఇంటి యజమాని దగ్గర పూచీ పడటం, ఆ ఊళ్ళో ఏది మర్యాదో ఏది తప్పో చెవిలో వేయడం, జ్వరమొస్తే గంజి కాచడం, మూడు రోజులు ఫోను ఎత్తకపోతే వచ్చి తలుపు తట్టడం. ప్రేమకు బదులు దొరకదు. ఈ పనులకు మాత్రం, ఒక్కొక్కదానికి ఒక కాగితాన్నో, కొంత డబ్బునో, ఒక మనిషినో ముందుగా కుదుర్చుకోవచ్చు. ముప్పై ఏళ్ళు నర్సింగ్ పాఠాలు చెప్పి, ఎందరో పిల్లలను విమానమెక్కించిన నేను చూసినంతలో, తెలిసినవారు లేకుండా వెళ్ళి నిలదొక్కుకున్నవారు ఈ పనులను విడదీసి వేర్వేరు చేతుల్లో పెట్టారు. దెబ్బతిన్నవారు అన్నిటినీ ఒకే మనిషి చేతిలో పెట్టారు.

దెబ్బతిన్నవారిలో నేనూ ఉన్నాను. 1994లో మస్కట్ వెళ్ళినప్పుడు నన్ను పంపిన ఏజెన్సీ, పరిశీలనకు కావాలంటూ నా అసలు సర్టిఫికెట్లు తీసుకుని ఐదు నెలలు తిరిగి ఇవ్వలేదు. ఆ ఐదు నెలలూ వాళ్ళు చెప్పిన చోట, చెప్పిన జీతానికి పని చేశాను. కాగితాలు చేతికి వచ్చిన రాత్రి వాటిని పాత చీర కొంగులో చుట్టి తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. అందుకే మీకు మొదటి మాటగా చెబుతున్నాను, మీ అసలు సర్టిఫికెట్లను ఎవరి చేతికీ ఇవ్వకండి. చూపించండి, నకళ్ళు ఇవ్వండి, వెంటనే తిరిగి తీసుకుని ఇంటికి రండి.

ఇక ఆ ఉద్యోగం ఎలాంటిదో దాపరికం లేకుండా చెప్పవలసిన చుట్టం పని ఇప్పుడు నేను చేస్తాను. జర్మనీలో నర్సుగా పని చేయాలంటే మీ చదువుకు అక్కడి రాష్ట్ర అధికారుల గుర్తింపు కావాలి. దానిని వారు అనెర్కెన్నుంగ్ అంటారు. మీ సిలబసును, శిక్షణ గంటలను వాళ్ళ లెక్కతో పోల్చి చూసి, చాలా సందర్భాల్లో “ఇంత లోటు ఉంది” అని పత్రం ఇస్తారు. ఆ లోటును కొన్ని నెలల శిక్షణతో గాని, ఒక పరీక్షతో గాని పూడ్చుకోవాలి. అంతవరకు మీరు నర్సింగ్ సహాయకురాలిగా తక్కువ జీతానికి పని చేస్తారు. ఈ మెట్టు గురించి ఏజెంట్లు పెద్దగా మాట్లాడరు. రెండో సంగతి మన పిల్లలను మరింత బాధపెట్టేది. అక్కడ రోగికి ఒళ్ళు తుడవడం, స్నానం చేయించడం, తినిపించడం, పడక మీద పక్కకు తిప్పడం నర్సు పనిలో ముఖ్యభాగం. ఇక్కడ ఆయాలో బంధువులో చేసే సేవ అది. రక్తం తీయడం, సిర దొరికించుకుని క్యాన్యులా పెట్టడం వంటి మనం గర్వపడే పనులు చాలాచోట్ల డాక్టర్లు చేస్తారు. నా విద్యార్థిని ఒకామె, ఇక్కడ ఐసీయూలో అందరూ మెచ్చుకున్న పిల్ల, మొదటి నెల ఫోను చేసి “మేడం, నన్ను ఆయాను చేశారు” అని ఏడ్చింది. ఏడాది తరువాత ఆమే, తను రోజూ స్నానం చేయించే ముసలావిడ వీపు మీద చర్మం కందటం డాక్టరు కంటే ముందు తనే కనిపెట్టానని చెప్పుకుని సంతోషించింది. ఆ పనిలో తక్కువతనం లేదు. కాని అది మీ పని అవుతుందని ముందే తెలిసి వెళ్ళాలి. మీ డయాలసిస్ అనుభవం వృథా పోదు. అక్కడ చాలామంది రోగులు ఆసుపత్రుల బయట ఉండే డయాలసిస్ కేంద్రాల్లోనే చికిత్స తీసుకుంటారు. గుర్తింపు పూర్తయ్యాక అటు ప్రయత్నించే వీలుంటుంది.

తరువాతది భాష. మీ కలకు అసలు పరీక్ష ఇదేనని నా నమ్మకం. నర్సు గుర్తింపుకు సాధారణంగా జర్మన్‌లో బి-2 స్థాయి అడుగుతారు. ఏ-1 అనే మొదటి మెట్టు నుండి మొదలుపెట్టి, ఏ-2, బి-1 దాటి అక్కడికి చేరడానికి కొన్ని వందల గంటల చదువు కావాలి. రాత్రి డ్యూటీలు చేస్తూ చదివితే ఏడాది మీద పట్టవచ్చు. కంగారు పడకండి, తెలుగువారికి ఆ భాషలో కొన్ని సులువులు ఉన్నాయి. “ఎందుకంటే” అన్న మాట తరువాత వచ్చే వాక్యంలో వాళ్ళ క్రియ మన క్రియలాగే చివరకు వెళ్ళి కూర్చుంటుంది. నాలుగు మాటలు కలిపి ఒకే సమాసం చేయడం వాళ్ళకూ అలవాటే. మన నువ్వు, మీరు తేడా వాళ్ళకు డూ, జీ రూపంలో ఉంది. ఇంగ్లీషువారికి అర్థం కాని ఆ తేడా మీకు మొదటి రోజే అర్థమవుతుంది. లింగాలు మాత్రం బట్టీ పట్టవలసిందే, అందులో దగ్గరదారి లేదు. 1880ల్లో జర్మనీ ఉత్తరప్రాంతం నుండి లూథరన్ మిషనరీలు మన సాలూరు, కోరాపుట్ ప్రాంతాలకు వచ్చారు. వారికి ఇక్కడ చుట్టాలెవరూ లేరు. ఈ ఎండలో, ఈ మలేరియాల మధ్య, మన భాషలు నేర్చుకోవడం వల్లనే వాళ్ళు జనంలో కలిశారు. వాళ్ళ ఊళ్ళకు మీరిప్పుడు వెళ్ళబోతున్నారు, చేయవలసిన పని అదే.

అందుచేత నా సలహా సూటిగా ఇది. ఈ ఏడాది ఉద్యోగం మానకండి, ఏజెంటుకు రూపాయి కట్టకండి, తోట కాగితాలు బీరువాలోనే ఉంచండి. మీ జీతంలో నుండి జర్మన్ తరగతులకు మాత్రం కట్టండి. ఆన్‌లైన్ తరగతులు ఉన్నాయి. పరీక్షలకు హైదరాబాదులోని గోథే కేంద్రానికో చెన్నైకో వెళ్ళవచ్చు. బి-1 చేతికి వచ్చిన రోజున మీ కల మీకే కొత్తగా కనబడుతుంది. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి రాత్రి పది గంటలకు ఆ పుస్తకం తెరవాలని ఇంకా అనిపిస్తుంటే మీరు వెళ్ళవలసిన మనిషే. ఆరు నెలలకే పుస్తకం మీద దుమ్ము పేరుకుంటే, పోయింది తరగతుల ఫీజు మాత్రమే. మీ నాన్నగారి జీడితోట ఉంటుంది, క్యాలెండరు బొమ్మ కూడా ఉంటుంది, ఏ లోటూ లేదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఊళ్ళో వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలనుకుంటే 4 లక్షలకు నెలకు 8,000, ఏడాదికి 96,000 వడ్డీ అవుతుంది. భాష పూర్తికాక ముందే ఆ అప్పు చేస్తే, మీరు విమానమెక్కే నాటికే వడ్డీ లక్ష దాటవచ్చు. అప్పుతో వెళ్ళినవారికి జరిగే అసలు నష్టం ఇంకొకటి ఉంది. అక్కడ అన్యాయం జరిగినా, ఒప్పందంలో లేని పని చెప్పినా, ఎదురు చెప్పే ధైర్యం ఉండదు. కళ్ళముందు తోట కనబడుతూనే ఉంటుంది. చుట్టం లేని మనిషికి ఆ ధైర్యం మరీ అవసరం.

పైగా, మీరు కట్టవలసిన అవసరమే లేని దారులు ఉన్నాయి. మన దేశపు 1983 వలసల చట్టం కింద లైసెన్సు పొందిన ఏజెంటు విదేశీ ఉద్యోగానికి పంపేటందుకు తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. మీ ఏజెంటును లైసెన్సు సంఖ్య అడగండి. ఆయన తడబడితే మీకు జవాబు దొరికినట్టే. జర్మనీ వైపు నుండి చూస్తే, నర్సుల నియామకం ఖర్చు ఉద్యోగమిచ్చేవారే భరించాలన్నది అక్కడి ప్రభుత్వం ప్రోత్సహించే నియమం. న్యాయమైన నియామకాలకు ఆ ప్రభుత్వమిచ్చే నాణ్యతాముద్ర ఉన్న సంస్థలు నర్సు దగ్గర రుసుము తీసుకోకూడదు. ట్రిపుల్ విన్ అనే జర్మనీ ప్రభుత్వ పథకం కేరళలో అక్కడి ప్రభుత్వ సంస్థ నోర్కాతో కలిసి ఇలాగే నడుస్తోంది. మన రాష్ట్రంలో విదేశీ ఉద్యోగాల కోసం ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. ముందు ఆ తలుపు తట్టండి, వాళ్ళ ప్రకటనలు గమనిస్తూ ఉండండి.

ఖర్చంతా వాళ్ళే పెట్టుకున్నప్పుడు ఒప్పందంలో బాండు షరతు ఉండవచ్చు. ఇన్నేళ్ళు పని చేయాలి, ముందే మానేస్తే ఇంత తిరిగి కట్టాలి అని రాస్తారు. ఎంత కట్టాలో అంకెల్లో ఉందా, పని చేసిన ప్రతి నెలకూ ఆ మొత్తం తగ్గుతుందా అన్న రెండు విషయాలు సంతకానికి ముందు తేల్చుకోండి. సహాయకురాలిగా ఉన్నప్పుడు జీతమెంత, గుర్తింపు వచ్చాక ఎంత, గుర్తింపు శిక్షణ ఎవరి ఖర్చు అన్నవి కూడా రాతలో ఉండాలి. ఫోనులో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

కాగితాల్లో నేను ఎక్కువ తిప్పలు చూసింది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. మన ఇళ్ళల్లో ఇదంతా మామూలే. నా దగ్గర చదివిన ఒక పిల్లకు, ఇంగ్లీషులో ఒక చోట “వి” మరో చోట “డబ్ల్యు” ఉన్నందువల్ల నాలుగు నెలలు ఆలస్యమైంది, ఆ “వ” అక్షరం తెలుగులో ఒక్కటే అయినా. భాష నేర్చుకునే ఈ ఏడాదిలోనే మెమో, డిగ్రీ, రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం అయిదూ ఒక బల్ల మీద పరిచి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి పోల్చండి. తేడా ఉన్నదానిని సరిచేయించడానికి ఇప్పుడు తీరిక ఉంటుంది, వీసా తేదీ వచ్చాక ఉండదు.

దిగిన తరువాత మొదటి పదిహేను రోజులు చుట్టం ఇంట్లో ఉండాల్సినవి. ఇది ఉద్యోగమిచ్చే ఆసుపత్రి చేత చేయించుకోవలసిన పని. చాలా ఆసుపత్రులకు సిబ్బంది వసతి గదులు ఉంటాయి. కనీసం మొదటి ఆరు నెలలకు గది, దాని అద్దె ఒప్పందంలో రాయించుకోండి. బయట ఇల్లు వెతకడం అప్పుడే వచ్చినవారికి చాలా కష్టం. మూడు నెలల మూల అద్దె వరకు డిపాజిట్ అడగవచ్చు. కొన్ని ఇళ్ళల్లో వంటగది అంటే నాలుగు గోడలే, స్టవ్వూ సింకూ కూడా మనమే తెచ్చుకోవాలి. ఇంట్లో చేరిన రెండు వారాల్లో ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఇల్లిచ్చినవారి సంతకం కావాలి. పన్ను సంఖ్య, ఇంకా ఎన్నో ఉత్తరాలు ఆ చిరునామాకు తపాలాలో వస్తాయి. అక్కడ ఉత్తరాల పెట్టె మీద మీ ఇంటిపేరు చీటీ లేకపోతే తపాలా మనిషి ఉత్తరం వెనక్కి తీసుకుపోతాడు. గదిలో అడుగు పెట్టిన రోజే, పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే, పేరు రాసి అంటించండి.

ఇప్పుడు గంజి. మీ మేనత్తగారికి చెప్పవలసిన మొదటి సంగతి ఏమిటంటే, అక్కడ ఉద్యోగికి ఆరోగ్య బీమా తప్పనిసరి, జబ్బు చేస్తే డాక్టరు ధ్రువీకరణ మీద ఆరు వారాల వరకు పూర్తి జీతం యజమానే ఇవ్వాలని చట్టం ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగు వారాలకు మాత్రం ఆ భారం బీమా సంస్థది. జ్వరంతో లేచి డ్యూటీకి పోవలసిన దుస్థితి లేదు. మస్కట్‌లో నాకు ఆ భాగ్యం ఉండేది కాదు. ప్రాణం మీదికి వస్తే 112, అంత అత్యవసరం కాని రాత్రిపూట జబ్బుకు డాక్టరు కోసం 116117 అన్న సంఖ్యలు ఫోనులో వేసుకోండి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక జ్వరం మాత్రలు, నాలుగు రోజుల బియ్యం ఎప్పుడూ గదిలో ఉండాలి.

కాని చట్టం గంజి కాచదు. దానికి మనిషి కావాలి, ఆ మనిషిని సంపాదించుకోవడం ఇక్కడే మొదలుపెట్టాలి. జర్మన్ తరగతిలో మీతో కూర్చునే పిల్లల్లో కొందరు మీ వెనకో ముందో అక్కడికే వెళతారు. ఒకే ఆసుపత్రికి ఇద్దరు ముగ్గురు కలిసి దరఖాస్తు చేయండి. ఏజెంటుకు ఇవ్వదలచిన నమ్మకంలో సగం ఆ పిల్లల మీద పెట్టండి. ఇంటర్వ్యూలో “మీ దగ్గర ఇప్పటికే భారతీయ నర్సులు ఉన్నారా, వారిలో ఒకరితో మాట్లాడవచ్చా” అని అడగండి. తెలుగువారే కావాలని పట్టుబట్టకండి. 1960ల నుండే కేరళ అమ్మాయిలు జర్మనీ ఆసుపత్రుల్లో పని చేస్తున్నారు, మలయాళీ నర్సు పెట్టే గంజి మన గంజి లాంటిదే. తెలుగు వినబడగానే కరిగిపోయి, పరిచయమైన వారానికే ఇల్లు పంచుకోవడం, డబ్బు సర్దడం మాత్రం చేయకండి. ఒంటరితనంలో మాతృభాష మీద కలిగే నమ్మకాన్ని వాడుకునేవారు ప్రతి దేశంలోనూ ఉంటారు. వార్డులో మీకు పని నేర్పే జర్మన్ నర్సు బిగుసుకుని ఉన్నట్టు కనబడవచ్చు. ఆమెతో ప్రతిరోజూ పనికి సంబంధం లేని ఒక్క వాక్యమైనా జర్మన్‌లో మాట్లాడండి. మూడు రోజులు మీరు కనబడకపోతే తలుపు తట్టేది బహుశా ఆమే.

శీతాకాలం గురించి కూడా చెప్పాలి. క్యాలెండరు బొమ్మలో మంచు కనబడుతుంది, చీకటి కనబడదు. డిసెంబరులో ఉద్దానంలో పగలు దాదాపు 11 గంటలు. బెర్లిన్‌లో అది 8 గంటలు కూడా ఉండదు. చీకటిలో డ్యూటీకి వెళ్ళి చీకటిలో తిరిగివచ్చే వారాలు ఉంటాయి. మొదటి ఏడాది చలికాలంలో ఏడుపు వస్తే దానిని ఓటమి అనుకోకండి, ఆ నెలల్లో తిరిగి వచ్చే నిర్ణయాలు తీసుకోకండి. అమ్మతో మాట్లాడే వేళ కూడా ముందే కుదుర్చుకోండి. శీతాకాలంలో వాళ్ళకూ మనకూ నాలుగున్నర గంటల తేడా. ఉదయం షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నం రెండున్నరకు ఫోను చేస్తే కవిటిలో రాత్రి ఏడవుతుంది, అందరూ ఇంట్లో ఉంటారు. సాయంత్రం షిఫ్టు అయ్యాక చేస్తే అమ్మ రాత్రి ఒంటిగంట వరకు మేలుకుని కూర్చుంటుంది, అలా కూర్చోనివ్వకండి.

మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంతో దాటేసిన సంగతి అమ్మానాన్నలది. 2024 మార్చి నుండి జర్మనీలో నిపుణ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి కొత్తగా పొందినవారు తల్లిదండ్రులను తెచ్చుకునేందుకు చట్టంలో వీలు కల్పించారు. కాని వారికి తగిన ఆరోగ్య బీమా చూపాలి. పెద్ద వయసులో, అందులోనూ జబ్బు ఉంటే, ఆ బీమా దొరకడం చాలా కష్టం, దొరికినా మోయలేనంత ఖరీదు. కనుక “తరువాత మిమ్మల్నీ తీసుకెళ్తాను” అని మాట ఇవ్వకండి. సందర్శక వీసా మీద మూడు నెలలు తెచ్చి చూపించగలరు, అది చెప్పండి. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష మీ నాన్నగారికి చేయించడం గురించి డయాలసిస్ నర్సుకు, అందులోనూ కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం బిడ్డకు, నేను చెప్పేదేముంది. మీరు లేనప్పుడు ఆ పరీక్ష ఏ నెలలో, ఎవరు తీసుకువెళ్ళి చేయించాలన్నది మీ తమ్ముడితో కూర్చుని కాగితం మీద రాసుకోండి. బ్యాంకు పనికి, భూమి పనికి అతనికి అధికారపత్రం ఇచ్చి వెళ్ళండి. ఒక రాకపోకల విమాన టికెట్టుకు సరిపడా సొమ్ము ఎప్పుడూ ముట్టుకోని ఖాతాలో ఉంచుకోండి. నేను 1997లో, నాన్న పోయారన్న కబురు అందాక, టికెట్టు డబ్బు కూడదీసుకుని విజయనగరం చేరేసరికి మూడో రోజు. ఖాతాలో ఆ డబ్బు ఉండి ఉంటే మరునాడే చేరేదానిని. అలాంటిది జరగవచ్చని మీరూ, మీ అమ్మానాన్నలూ ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోండి. మాట్లాడితే కీడు జరగదు.

పెళ్ళి విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిగానే ఉంటుంది. అక్కడ ఒక మనిషి ఉండాలన్న కారణంతో, అక్కడున్న మనిషిని తొందరలో పెళ్ళాడకండి. పరిచయం లేని దేశంలో పరిచయం లేని భర్త మీద ఆధారపడటం కంటె, పరిచయం లేని దేశంలో మీ జీతం మీద మీరు ఉండటం క్షేమం. మీ వీసా మీ ఉద్యోగం మీద ఉండాలి, భర్త ఉద్యోగం మీద కాదు. మీకు నచ్చినవాడు, మీ ప్రయాణం నచ్చినవాడు దొరికితే అది వేరు. అప్పుడు వెళ్ళేది ముందా తరువాతా అన్నది మీ ఇద్దరి మధ్య మాట.

మీ మేనత్తగారిని ఒక సహాయం అడగండి. చోడిపిండి (రాగిపిండి) అంబలి ఎంత నీళ్ళకు ఎంత పిండి, ఎంతసేపు కాచాలి అన్నది ఆమె చేత చెప్పించుకుని, ఆమె ఎదురుగానే మీ చేత్తో కాచి చూపించండి. వెళ్ళేటప్పుడు రెండు కిలోల చోడిపిండి పెట్టెలో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టవద్దని అమ్మకు చెప్పండి. పాలతో, మాంసంతో చేసినవి ఐరోపా విమానాశ్రయాల్లో తీసి పారేస్తారు. బి-1 ఫలితం వచ్చాక నాకు మళ్ళీ ఉత్తరం రాయండి. ఒప్పందం చేతికి వస్తే సంతకం పెట్టక ముందే, పేర్లు తీసేసి, నకలు పంపండి. ప్రతి షరతూ కలిసి చదువుదాం.